గుర్రం ఎద్దు కాదు

గుర్రానికి వాంతి రాదు. తిన్నది చెడిపోయినా, ఎక్కువైనా, విషమైనా నోటి గుండా బయటికి పంపే దారి దాని శరీరంలో లేదు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఉండే కండరపు వలయం చాలా బలమైనది. ఆ గొట్టం లోపలికి ఏటవాలుగా చేరుతుంది కాబట్టి, కడుపులో ఒత్తిడి పెరిగేకొద్దీ ద్వారం మరింత గట్టిగా బిగుసుకుంటుంది. అంత పెద్ద జంతువుకు జీర్ణాశయం మాత్రం చిన్నది, 8 నుంచి 15 లీటర్లకు మించి పట్టదు. మేత పులిసి, గాలి చేరి, ఒత్తిడి హద్దు దాటితే ఆ సంచి పగిలిపోతుంది. పగిలాక ఏ వైద్యుడూ ఏమీ చేయలేడు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే గుర్రపు ఆరోగ్యం సగం అర్థమైనట్టే. తక్కిన సగం కూడా ఇలాంటి సంగతులే: అది నెమరు వేయదు, ఒంటి గిట్ట మీద నిలబడుతుంది, చెమటతో ఒళ్లు చల్లబరచుకుంటుంది, చాలాసార్లు నొప్పిని చివరిదాకా దాచుకుంటుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పశువు సంగతి తెలియని పల్లె లేదు. ఎద్దు మేత ముట్టకపోతే ఇంటావిడ అడిగే మొదటి మాట ‘నెమరు వేస్తుందా?’ అని. ఎడమ డొక్క ఉబ్బితే చేత్తో తట్టి చూస్తారు, వెదురు గొట్టంతో నూనె పోస్తారు, పిడుదులు పడితే మందు పిచికారీ చేస్తారు. తరాల అనుభవం ఇచ్చిన నేర్పు ఇది. దీన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ ఆ నేర్పునే యథాతథంగా గుర్రం మీద ప్రయోగిస్తే ప్రాణం పోతుంది. ఈ మూడు జిల్లాల్లో ఇప్పుడు గుర్రాన్ని పెంచుతున్నవాళ్లలో చాలామంది పశువుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లే. పెళ్లి బరాత్‌కు కిరాయికి తిప్పేవాళ్లు, జాతరలో పిల్లలను ఎక్కించుకుని తిప్పేవాళ్లు, ఇష్టం కొద్దీ పొలం దగ్గర ఒక గుర్రాన్ని కట్టుకున్న యువకులు, అందరూ మొదట తమకు తెలిసిన పశువైద్యాన్నే నమ్ముకుంటారు. అందుకే ఈ అధ్యాయం.

కాకతీయుల నాటి సమస్యే

గుర్రం ఈ నేలకు కొత్త కాదు. గణపురం కోటగుళ్లు, ఓరుగల్లు కోట కట్టిన కాలంలో సైన్యానికి గుర్రమే బలం. 1310లో కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకున్నప్పుడు అప్పగించిన కప్పంలో ఏనుగులతోపాటు వేల గుర్రాలున్నాయి. అయితే మేలుజాతి గుర్రాలు మన దగ్గర పుట్టి పెరిగినవి తక్కువ. అరేబియా, పర్షియా తీరాలనుంచి ఓడల్లో వచ్చేవి.

13వ శతాబ్దం చివర్లో దక్షిణ తీరానికి వచ్చిన మార్కో పోలో, ప్రస్తుత తమిళనాడు తీరంలోని రాజ్యాల గురించి రాస్తూ ఒక సంగతి నమోదు చేశాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారట, ఏడాది తిరిగేసరికి వాటిలో మిగిలేవి కొన్నేనట. గుర్రాన్ని చూసుకోవడం తెలిసినవాళ్లు అక్కడ లేరని, అన్నమూ ఉడికించిన మాంసమూ పెడతారని ఆయన రాశాడు. గుర్రాలు అమ్మే వర్తకులు తమ వ్యాపారం సాగాలని గుర్రపు వైద్యులను అటు రానివ్వరని కూడా ఆరోపించాడు. ఆయన మాటల్లో అతిశయోక్తి పాలు తీసేసినా అసలు విషయం నిలుస్తుంది. గడ్డి తినే జంతువుకు మనిషి తనకు ఇష్టమైనది పెట్టాడు, జంతువు చచ్చిపోయింది.

ఈ లోటు మన పూర్వులకు తెలియనిది కాదు. సంస్కృతంలో శాలిహోత్రుని పేరుతో అశ్వశాస్త్రం పెరిగింది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసాన్ని పద్యాల్లో రాశాడు. సైన్యాలు పోయాక జట్కాలు ఆ విద్యను కొంతకాలం బతికించాయి. జట్కాలూ పోయాక గుర్రపు మేత, గిట్ట, కళ్లెం తెలిసిన చేతులు పల్లెల్లో అరుదైపోయాయి. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద మిగిలిన గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం తగ్గాయి. జంతువు తగ్గితే దాన్ని తెలిసిన మనుషులూ తగ్గుతారు. మిగిలిన గుర్రాలకు అదే అసలు కష్టం.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొలత తీసుకోండి

జబ్బును గుర్తించాలంటే ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియాలి. విశ్రాంతిగా నిలబడిన పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఊపిరి 8 నుంచి 16 సార్లు. ఒంటి వేడి 99 నుంచి 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్. నాడి చూడటానికి దవడ ఎముక కింది అంచు మీద వేలు పెట్టండి. అక్కడ తాడులా జారే రక్తనాళం దొరుకుతుంది. ఎద్దుకు నిమిషానికి 60, 70 మామూలే. గుర్రం నిలబడి ఉండగా 60 దాటిందంటే లోపల తీవ్రమైన బాధ ఉన్నట్టు. రెండు పశువులకు ఒకే అంకె రెండు అర్థాలు చెబుతుంది.

పై పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో రక్తం తిరిగి రావాలి. చిగురు ఎండిపోయినా, ఇటుక రంగుకో నీలానికో తిరిగినా రక్తప్రసరణ దెబ్బతిన్నట్టే. డొక్క మీద చెవి ఆనించి వినండి. రెండు వైపులా పేగులు గుడగుడమంటూ ఉండాలి. పశువు విషయంలో పేగుల చప్పుడు ఎక్కువైతే భయపడతాం, గుర్రం విషయంలో నిశ్శబ్దానికి భయపడాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. ఉండలుగా, తేమగా, పడగానే విరిగేలా ఉంటే కడుపు బాగున్నట్టు.

ఈ కొలతలను ఏ ఇబ్బందీ లేని రోజున తీసి కొట్టం గోడ మీద రాసి పెట్టుకోండి. వైద్యుడికి ఫోన్ చేసినప్పుడు ‘ఎట్లనో ఉంది’ అని చెప్పడం కంటే ‘నాడి 64 ఉంది, పొద్దుటినుంచి లద్దె వేయలేదు’ అని చెబితే ఆయన ఏ మందులు పట్టుకుని రావాలో అక్కడే తేల్చుకుంటాడు.

కడుపునొప్పి: మొదటి గంట విలువ

ప్రపంచమంతటా గుర్రాలను ఎక్కువగా బలిగొనే బాధల్లో ముందుండేది కడుపునొప్పి. వైద్యులు కోలిక్ అంటారు. ఇది ఒక జబ్బు పేరు కాదు, డజన్లకొద్దీ కారణాలకు పైకి కనిపించే రూపం. గుర్రం నెమరు వేయదు కదా, మరి గడ్డిని ఎక్కడ అరిగించుకుంటుంది? వెనుక భాగంలోని అంధపేగు, పెద్దపేగుల్లో. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. పెద్దపేగు మూడు, నాలుగు మీటర్ల పొడవుండి, మడతలు పడి, చాలావరకు కడుపు గోడకు కట్టివేయకుండా వదులుగా వేలాడుతుంది. వెడల్పుగా ఉన్న గొట్టం ఒకచోట హఠాత్తుగా సన్నబడుతుంది. ఎండుమేత అడ్డుపడేది ఆ మలుపులోనే. గాలి నిండితే మెలిపడేదీ ఆ పేగే.

లక్షణాలు మొదట చిన్నగా ఉంటాయి. మేత వదిలేస్తుంది. తల తిప్పి తన డొక్కను తానే చూసుకుంటుంది. ముందు కాలితో నేల గీకుతుంది. పై పెదవిని ముడిచి పైకెత్తుతుంది. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ముదిరితే పొర్లుతుంది, చెమటతో తడిసిపోతుంది. పొర్లాడిన గుర్రం ఒక్కసారిగా శాంతించి, నాడి పెరిగి, చిగురు నల్లబడితే బాగైందని మురిసిపోవద్దు. పేగు చచ్చిపోవడమో, పగలడమో జరిగి ఉండవచ్చు.

చేయాల్సినవి ఇవి. ముందున్న మేత, దాణా తీసేయండి. సమయం, నాడి, లద్దె రాసుకుంటూ వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. పొర్లి దెబ్బలు తగిలించుకుంటుంటే మెల్లగా నడిపించండి. గంటల తరబడి నడిపించి అలసిపోయేలా చేయవద్దు. ప్రశాంతంగా పడుకుంటే పడుకోనివ్వండి.

చేయకూడనిది మరీ ముఖ్యం. పశువుకు పోసినట్టు గుర్రం నోట్లో వెదురు గొట్టం పెట్టి, సీసా ఎత్తి నూనె పోయకండి. తల ఎత్తి పట్టి పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కడుపునొప్పి తగ్గినా ఆ న్యుమోనియా చంపుతుంది. నూనె పోయాల్సి వస్తే వైద్యుడు ముక్కు గుండా గొట్టం దించి, అది జీర్ణాశయంలోనే ఉందని నిర్ధారించుకున్నాకే పోస్తాడు. అదే గొట్టంతో జీర్ణాశయంలో నిండిన గాలిని, ద్రవాన్ని బయటికి తీస్తాడు. వాంతి రాని జంతువుకు ఆ గొట్టమే వాంతి. ఎన్నో ప్రాణాలు నిలిచేది దానివల్లే. మందుల షాపులో మనుషుల నొప్పి మాత్రలు కొనిపెడితే లక్షణాలు కప్పబడి జబ్బు కనబడకుండా పోతుంది.

పశువుల మందుల్లో కొన్ని గుర్రానికి నేరుగా ప్రాణాంతకం. పిడుదులకు బర్రెల మీద కొట్టే అమిట్రాజ్ మందు గుర్రం పేగుల కదలికను ఆపేస్తుంది. అడ్డుపడే కోలిక్ రావడానికి అదొక్కటి చాలు. లింకోమైసిన్ వంటి యాంటీబయోటిక్ గుర్రం పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులను తుడిచిపెట్టి, ఆగని విరేచనాలు తెస్తుంది. ఇంట్లో పశువుకు మిగిలిన మందును గుర్రానికి వాడే అలవాటు మానుకోవాలి.

మేతలో దాగిన ప్రమాదాలు

ఈ మూడు జిల్లాల పొలాల్లో పండేది ఎక్కువగా వరి, మక్క, పత్తి, మిర్చి. వాటి మిగులు గుర్రానికి ఎంతవరకు పనికొస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మక్కతో మొదలుపెడదాం. కోతల వేళ వాన పడి కంకి తడిస్తే ఫ్యుసేరియం అనే బూజు పడుతుంది. అది తయారుచేసే ఫ్యుమోనిసిన్ విషాన్ని 1988లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు గుర్తించారు. కోడి, బర్రె దాన్ని కొంతవరకు తట్టుకుంటాయి. గుర్రం మెదడులోని తెల్లపదార్థం మాత్రం దానివల్ల కరిగి నీరవుతుంది. గుర్రం గుండ్రంగా తిరుగుతుంది, గోడకు తల ఆనిస్తుంది, చూపు పోతుంది, ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. మందు లేదు. అమ్మకానికి పనికిరాదని పక్కన పెట్టిన బూజు మక్కను గుర్రానికి పెట్టడం విషం పెట్టడమే. పైకి బాగున్న గింజలోనూ ఆ విషం ఉండవచ్చు. తడిసిన కుప్పలోనిది అసలే ముట్టనివ్వద్దు.

ఇక తవుడు. బియ్యపు మిల్లు దగ్గర చవకగా దొరుకుతుంది, గుర్రం ఇష్టంగా తింటుంది. తవుడులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు, భాస్వరం కంటే కాల్షియం ఎక్కువగా అందాలి. నెలల తరబడి తవుడే దాణా అయితే శరీరం రక్తంలో కాల్షియం తగ్గకుండా ఎముకల్లోంచి తోడుకుంటుంది. ముఖం ఎముకలు రెండువైపులా ఉబ్బుతాయి, నడక కుంటిపడుతుంది, పళ్లు వదులవుతాయి. వెనకటి మిల్లుల గుర్రాల్లో ఈ రోగం ఎక్కువగా కనబడేది. పాడి రైతులు వేసే నేపియర్ గడ్డిలోనూ, వరిగడ్డిలోనూ ఉండే ఆక్సలేట్లు మేతలోని కాల్షియాన్ని కట్టిపడేసి ఇదే ఇబ్బందిని పెంచుతాయి. ఈ మూడూ కలిసిన మేత పాడి రైతు ఇంట్లో సహజంగా దొరికేదే కాబట్టి ప్రమాదం ఎక్కువ.

వరిగడ్డి ఒక్కటే పెట్టి నీరు తక్కువైతే పేగులో అడ్డుపడటం ఖాయం. లేత పచ్చి జొన్నను వారాల తరబడి మేపితే మూత్రాశయం వాచి, నడుము కింద పట్టు తప్పుతుంది. కోళ్ల ఫారాల దాణాలో ఉండే మొనెన్సిన్ మందు మరీ భయంకరం. కోడికి రోగం రాకుండా కాపాడే ఆ మందు శరీర బరువులో కిలోకు రెండు మూడు మిల్లీగ్రాముల మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది. కోళ్ల దాణా సంచి, గుర్రపు కొట్టం ఒకే కప్పు కింద ఉండకూడదు.

ఉలవలు మంచివే. నానబెట్టి, ఉడికించి, కొద్దికొద్దిగా రెండు మూడు పూటల్లో పంచిపెట్టినప్పుడే మంచివి. పెళ్లి రోజున అతిథులు ప్రేమగా తినిపించే లడ్డూలు, బియ్యం, పులిహోర వద్దని నిర్మొహమాటంగా చెప్పాలి. పొట్టలో పీచు తక్కువై పిండి పదార్థం ఎక్కువైతే పెద్దపేగులో ఆమ్లం పెరుగుతుంది, సూక్ష్మజీవులు చచ్చి విషాలు వదులుతాయి. ఆ విషాలు రక్తంలో చేరి దాడి చేసేది ఎక్కడో దూరాన ఉన్న గిట్ట మీద.

గిట్ట లోపలి మంట

గుర్రం ప్రతి కాలి చివరా ఒకే వేలు, ఒకే గిట్ట. మన గోరు కింద మాంసం ఎలా అతుక్కుని ఉంటుందో, గిట్ట గోడ లోపల వందల సన్నని పొరలు ఎముకను అలా పట్టుకుని ఉంటాయి. వందల కిలోల బరువు ఆ పొరల పట్టు మీదే వేలాడుతుంది. కడుపులో పుట్టిన విషాలు, కాన్పు తర్వాత లోపల నిలిచిపోయిన మాయ, ఎక్కువ దాణా, గట్టి తారు రోడ్డు మీద గంటల తరబడి ఆడించడం, వీటిలో ఏదైనా ఆ పొరలను వాచేలా చేయవచ్చు. వాచినా గట్టి డబ్బీలో బంధించినట్టు ఉబ్బడానికి చోటుండదు. పట్టు తెగితే ఎముక కిందికి జారుతుంది. లామినైటిస్ అంటే ఇదే.

లామినైటిస్ వచ్చిన గుర్రం ముందు కాళ్లు ముందుకు చాచి, బరువంతా వెనక్కి మోపి నిలబడుతుంది. మలుపు తిరగమంటే ఒప్పుకోదు. గిట్టలు చేతికి వేడిగా తగులుతాయి. గిట్ట పైన, మడమ వెనుక రక్తనాళం టపటప కొట్టుకోవడం స్పష్టంగా తెలుస్తుంది. పశువు కుంటితే మనవాళ్లు కాసేపు నడిపించి చూస్తారు. ఈ గుర్రాన్ని నడిపిస్తే తెగబోయే పొరలను చేజేతులా తెంపినట్టే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ పాలిట్, ఆండ్రూ వాన్ ఎప్స్ చేసిన పరిశోధనలు ఒక సులువైన ఉపాయాన్ని నిరూపించాయి. జబ్బు మొదలయ్యే దశలోనే కాళ్లను ఎడతెగకుండా ఐసునీళ్లలో ఉంచితే పొరలకు జరిగే నష్టం బాగా తగ్గుతుంది. దాణా గది తలుపు తీసి ఉండి గుర్రం బస్తాలో సగం తినేసిందని తెలిస్తే, కుంటేదాకా ఆగకండి. వైద్యుణ్ని పిలిచి, ఆయన వచ్చేలోపే ఐసు తెప్పించి గిట్టలకూ వాటి పైభాగానికీ పెట్టండి. వైద్యుడు చెప్పేవరకు ఆపకండి. ఈ వైద్యానికి కావలసిన ఐసు చేపల అంగట్లో దొరుకుతుంది.

రోజూ గిట్ట ఎత్తి, అడుగున చేరిన మట్టిని, రాళ్లను గీకి తీయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్ట పెరుగుదలను చెక్కించాలి. నాడాలుంటే అదే సమయంలో మార్చాలి. తడి కొట్టంలో, తన లద్దెలోనే నిలబడిన గుర్రానికి గిట్ట అడుగు కుళ్లి, నల్లటి దుర్వాసన ద్రవం కారుతుంది. పొడి నేల, రోజువారీ శుభ్రతే దీనికి మొదటి మందు.

మేకు గుచ్చుకుంటే

ధనుర్వాతం కలిగించే క్లాస్ట్రీడియం టెటాని బీజాలు మట్టిలో, లద్దెలో ఎప్పుడూ ఉంటాయి. పెంపుడు జంతువుల్లో ఈ రోగానికి అన్నిటికంటే త్వరగా లొంగేది గుర్రం. అరికాలిలో దిగిన మేకు, నాడా కొట్టేటప్పుడు పక్కకు పోయిన మొల, ముళ్లకంచె గీరిన గాయం చాలు. కొన్ని రోజులకో, రెండు మూడు వారాలకో మెడ బిగుసుకుంటుంది. కాళ్లు నాలుగూ దూరంగా పెట్టి కర్రబల్లలా నిలబడుతుంది. చిన్న చప్పుడుకే కంటి లోపలి మూలనుంచి మూడో రెప్ప మీదికి జారుతుంది. దవడలు మూసుకుంటాయి. అప్పటికి చాలామటుకు ఆలస్యమైపోతుంది. టీకా ఉంది, ధర తక్కువ. మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి. మేకు గుచ్చుకున్నప్పుడల్లా వైద్యుడికి చెప్పండి.

ఇక్కడ గుర్రానికి మనిషి పడిన రుణం ఒకటి గుర్తుచేసుకోవాలి. 1890లో బేరింగ్, కితసాటో అనే శాస్త్రవేత్తలు ధనుర్వాతపు విషానికి విరుగుడు రక్తంలోనే తయారవుతుందని కనుగొన్నారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆ విరుగుడును తయారుచేసి ఇచ్చింది గుర్రమే. ఇవాళ్టికీ మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కాట్లకు వాడే విరుగుడు గుర్రపు రక్తంనుంచే వస్తుంది. చిన్న మోతాదుల్లో విషం ఎక్కించిన గుర్రం ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది, వాటిని శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. తెలంగాణలోనూ ఈ మందు తయారవుతోంది. రాత్రి పొలానికి నీళ్లు పెట్టబోయి పాము కరిచిన రైతు ఆసుపత్రిలో బతికి బయటపడ్డాడంటే అతని రక్తంలో గుర్రపు ప్రతిరక్షకాలు పనిచేసి ఉంటాయి.

జోరీగల కాలం

వానలు మొదలయ్యాక భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి అంచుల్లో, చెరువుల గట్ల మీద జోరీగలు లేస్తాయి. ఒక పశువు రక్తం పీలుస్తూ, తోక విదిలింపుకు లేచి, మిగిలిన ఆకలి తీర్చుకోవడానికి పక్క జంతువు మీద వాలుతాయి. వాటి నోటికి అంటిన రక్తంలో ట్రిపనోసోమా ఇవాన్సై అనే పరాన్నజీవి ఉంటే అది కూడా మారుతుంది. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే బ్రిటిష్ పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని చూశాడు. ఆ రోగమే సర్రా.

బర్రెలో, ఎద్దులో ఈ పరాన్నజీవి తరచుగా ఏ లక్షణమూ చూపకుండా దాక్కుంటుంది. గుర్రంలో అలా కాదు. జ్వరం వచ్చి తగ్గి, మళ్లీ వస్తుంది. మేత బాగానే తింటున్నా ఒళ్లు కరిగిపోతుంది. చిగురు పాలిపోతుంది. పొట్ట కింద, కాళ్లలో నీరు దిగుతుంది. చివరికి వెనుక కాళ్లు తూలుతాయి. వైద్యం లేకపోతే సాధారణంగా మరణమే. జ్వరం ఉన్న రోజున చెవి అంచునుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెలుస్తుంది. మందులున్నాయి, మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. గుర్రాన్ని బర్రెల పక్కన కట్టకుండా దూరంగా కట్టడం, జోరీగలు ముసిరే పగటివేళల్లో నీడలో, పొగ పెట్టి, దోమతెర కట్టి ఉంచడం మన చేతిలో ఉన్న జాగ్రత్తలు.

ఈ పరాన్నజీవి మనిషికి సోకదని చాలాకాలం నమ్మారు. 2004లో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు సోకింది. ఆరా తీస్తే, మన రక్తంలో ఈ పరాన్నజీవిని చంపే ఎపోఎల్-1 అనే ప్రోటీన్ ఆ రైతు రక్తంలో పనిచేయడం లేదని తేలింది. వైద్యంతో ఆయన కోలుకున్నాడు. గుర్రానికి ఆ ప్రోటీన్ రక్షణ లేదు. దానికి మన కంటి జాగ్రత్తే రక్షణ.

మనిషికీ సోకే గ్లాండర్స్

ఒక్క రోగం విషయంలో మాత్రం దయ, భయం రెండూ ఉండాలి. బర్ఖోల్డేరియా మాలై అనే బాక్టీరియా తెచ్చే గ్లాండర్స్. ముక్కునుంచి జిగటగా చీము కారడం, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల వెంట గొలుసుకట్టుగా గడ్డలు లేచి పగలడం దీని గుర్తులు. ఇది మనిషికి సోకుతుంది, చంపగలదు. 2009నాటి పశు అంటువ్యాధుల నివారణ చట్టం కింద దీన్ని ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. అనుమానిత నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు. రోగం నిర్ధారణైన గుర్రానికి వైద్యం చేయరు, చట్టం ప్రకారం బాధలేకుండా ప్రాణం తీసి లోతుగా పూడుస్తారు, యజమానికి పరిహారం ఇస్తారు. కష్టమైనా సరే, రోగాన్ని దాచి గుర్రాన్ని రాత్రికి రాత్రి వేరే ఊరికి అమ్మితే ఆ ఊరి గుర్రాలకూ మనుషులకూ హాని చేసినట్టు.

కొత్తగా కొన్న గుర్రాన్ని కనీసం మూడు వారాలు వేరే చోట, వేరే బకెట్టుతో, వేరే తాడుతో ఉంచండి. గ్లాండర్స్‌నే కాదు, దవడ కింద చీముగడ్డలు తెచ్చే స్ట్రాంగిల్స్‌నూ, గుర్రాల ఫ్లూనూ ఆపే మార్గం ఇదే. గుర్రాల ఫ్లూ మన దేశంలో 1987లో, మళ్లీ 2008-09లో ప్రబలింది.

ఎండలో బరాత్

మన పెళ్లిళ్ల ముహూర్తాలు చాలావరకు మాఘంనుంచి జ్యేష్ఠందాకా. భూపాలపల్లి, జనగామల్లో మే నెల పగటి వేడి 44, 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. నెలల తరబడి ఖాళీగా నిలబడి, పూర్తి దాణా తిన్న గుర్రాన్ని ఒక్కరోజున జరీ బట్టలతో, డీజే చప్పుళ్ల మధ్య గంటల తరబడి ఆడిస్తే కండరాలు బిగుసుకుని పగులుతాయి. మూత్రం కాఫీ రంగులో వస్తే కదిలించకుండా వైద్యుణ్ని పిలవాలి. పని లేని రోజుల్లో దాణా తగ్గించాలి, రోజూ కొంత నడిపించాలి.

గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలో కంటే ఎక్కువ. అందుకే ఎండాకాలంలో ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీరు మామూలు అవసరం, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. వేడెక్కిన గుర్రానికి చల్లని నీళ్లు తాగిస్తే కడుపునొప్పి వస్తుందన్న నమ్మకం తప్పు. తాగనివ్వండి. ఒంటి మీద నీళ్లు పోసి, గీకి తుడిచి, మళ్లీ పోయండి. ఆడి అలసిన గుర్రం ఊపిరి పది, పదిహేను నిమిషాలకూ నెమ్మదించకపోతే, చెమట పట్టాల్సిన చోట ఒళ్లు పొడిగా వేడెక్కితే అది వడదెబ్బ.

ఇప్పుడు చేయాల్సింది

గుర్రం ఉన్న ప్రతి ఇంటికీ, ప్రతి కొట్టానికీ చివరిగా చెప్పేది ఇది. ధనుర్వాతపు టీకా ఈ నెలలోనే వేయించండి. ఏడాదికొకసారి పళ్లు చూపించండి. పళ్లు ఏటా పెరుగుతూ అంచులు పదునెక్కి చెంప కోస్తాయి, మేత నమలక పేగులో అడ్డుపడుతుంది. పురుగుల మందు నెలనెలా గుడ్డిగా పోయకుండా లద్దె పరీక్ష చేయించి పోయండి. మేత మార్చాలంటే పది రోజులు తీసుకుని కొద్దికొద్దిగా మార్చండి. అవసరమైతే రాష్ట్ర పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మూడు జిల్లాలకూ దగ్గరే.

పశువైద్యులకూ ఒక విన్నపం. మీ దవాఖానా పరిధిలో ఎన్ని గుర్రాలున్నాయో ఒక పట్టిక రాసుకోండి. ముక్కు గుండా దించే గొట్టాన్ని పనిచేసే స్థితిలో ఉంచుకోండి. గుర్రాలవాళ్లను ఏడాదికొక్కసారి ఒకచోట కూర్చోబెట్టి నాడి చూడటం, గిట్ట ఎత్తడం నేర్పండి. ఈ మూడు జిల్లాల్లో అకారణంగా చనిపోతున్న గుర్రాల్లో చాలావాటిని ఇంతటితోనే కాపాడుకోవచ్చు.